చింతాకంత మచ్చ

కదలకుండా కూర్చోవడం ఒక పని అంటే
మా వ్యాసర్పాడిలో ఎవరూ నమ్మరు.
పూటకి నాలుగొందలిస్తారని చెప్తే
మా ఆడపడుచు పగలబడి నవ్వింది,
"నేనూ వస్తా వజ్రా వదినా,
నాకూ కూర్చోవడం బాగా వచ్చు" అని.

రాదు.
ఇరవై నిమిషాలు కూర్చుని చూడు.
ముందు ముక్కు దురద.
తర్వాత ఎడమ తొడ నీది కాకుండా పోతుంది.
ఆ తర్వాత తీర్చని అప్పులన్నీ
వరసగా వచ్చి ఎదురుగా చతికిలబడతాయి.
అలారం మోగేదాకా
వాటికి సమాధానం చెప్పకూడదు.

ఎగ్మోరు దాటాక ఆ బొమ్మల కాలేజీలో
పందొమ్మిదేళ్ళుగా నాది అదే చెక్కపీట.
పైట జార్చి, గోడవైపు తిరిగి, వీపు.
ముఖం వాళ్ళకక్కర్లేదు, నాకూ అదే మేలు.
గోడ మీద సున్నం పెచ్చులూడిన చోట
ఒక ఒంటె కనపడుతుంది.
దాని మూపురం ఏటేటా పెరుగుతోంది.

మొన్న మార్గళి నెలలో ఒక పిల్ల వచ్చింది,
ఎస్తోనియా నుంచి,
చలికాలం చదువు ఇక్కడ చదువుకోడానికట.
మారికా అన్నారు. మా నోట్లో మారి అయింది.
అమ్మవారి పేరు పెట్టుకుని
ఎండకి అంత భయమేమే అంటే
అర్థం కాకపోయినా నవ్వింది.

చలికాలమే మరి!
వాచ్‌మన్ ఏడుమలై చెవులకి మఫ్లరు చుట్టి
టీ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుంటాడు.
ఈ పిల్ల చేతుల్లేని బనీనులో
బుగ్గలు కందిపోయి,
వేళ్ళ చెమటకి బొగ్గుముక్క ముద్దైపోయి.

వాళ్ళ ఊళ్ళో సూర్యుడు
పొద్దున తొమ్మిదికి వచ్చి మూడింటికే పోతాడట,
మా రేషన్ షాపాయనలాగ.
మంచు పడితే ఆకాశం, నేలా ఒకటే రంగు,
దేనికీ నీడ ఉండదట.
చేతులు తిప్పుతూ చెప్పింది,
నాకు సగం తెలిసింది,
మిగతా సగం నేను పోసుకున్నాను.

అందుకేనేమో
ఆ పిల్ల బొమ్మల్లో నేను గాల్లో ఉండేదాన్ని.
"పీట ఏది? నేల ఏది? నీడ ఏదమ్మా?"
మాస్టారు రోజూ అదే పాట.
ఆ పిల్ల చెరిపేది, వేసేది, చెరిపేది.
కాగితం నా మోచెయ్యిలా గరుకుదేరింది.

పొంగల్ సెలవులయ్యాక ఒక సాయంత్రం
కిటికీలోంచి ఎండ అడ్డంగా పడింది.
వెనక చప్పుడు లేదు.
నేను తిరక్కూడదు, అయినా తిరిగాను.
మారి నేల మీద మోకాళ్ళూని
నా నీడ పడ్డ బండ మీద చెయ్యి పెట్టి
పక్కన ఎండబండ మీద పెట్టి
మళ్ళీ నీడ మీద పెట్టి చూస్తోంది,
జొరం చూసినట్టు.
అలారం మోగింది. ఇద్దరం వినలేదు.

వెళ్ళే ముందు ఒక బొమ్మ తీసుకోమంది.
కాగితాలన్నీ పరిచింది.
అప్పుడు చూశాను నా వీపు, మొదటిసారి.
చిన్నప్పటి వేణ్ణీళ్ళ మచ్చ,
అమ్మ చెప్పినప్పుడల్లా అరచెయ్యంత అనుకునేదాన్ని,
చింతాకంతే ఉంది.
ఇన్నేళ్ళూ దాని కోసమేనా
వెనక గుండీల రవికెలు మానేశాను?

కానీ ఎక్కడ పెట్టను?
ఒకటే గది, ఎదిగిన కొడుకు, రాకపోకల బంధువులు.
వద్దన్నాను. నేల చూపించాను.
అది వెయ్యి, అది చాలు అన్నాను.

ఇప్పుడు టీవీ పైన గోడకి ఉంది.
పీట లేదు, మనిషి లేదు,
బండ మీద వాలిన నల్లటి నీడ ఒక్కటే.
కొడుకు ఏదో దేశం మ్యాపంటాడు.
ఆడపడుచు బియ్యం మూటంది.
కరెంటు బిల్లు కుర్రాడు కొండా అక్కా అని అడిగాడు.
ఔనన్నాను, ఆ కుర్రాడికి తొందరగా ఉంది.

మొన్నటి వానకి ఒక మూల చెమ్మ పట్టింది.
రేపు కాలేజీ తెరుస్తారు.
ఒంటె ఎంత పెరిగిందో చూడాలి.